అటా... ఇటా... ఎటు పడుకోవాలి?

కడుపుతో ఉన్న అమ్మాయికి ఇంటిల్లిపాదీ చెప్పే జాగ్రత్తల్లో సగం తిండి గురించి. మిగతా సగం పడక గురించే! 'ఎడమ పక్కకే తిరుగు', 'వెల్లకిలా పడుకోకు', 'లేచి కూర్చుని పక్క మారు'... వీటిలో ఏది నిజం? ఏది ఒట్టి భయం?

పెన్న ఒడ్డున ఉన్న సంగంలోనైనా, అటు ఆత్మకూరులోనైనా, ఇంకా పడమర ఉదయగిరి కొండల కింది ఊళ్లలోనైనా ఎండాకాలం వస్తే చాలా ఇళ్లలో పడక ఆరుబయటకి మారుతుంది. వాకిట్లో నులక మంచం, మిద్దె మీద చాప... కాస్త గాలి తిరిగితే చాలు, అందరికీ కునుకు పడుతుంది. నెలలు నిండుతున్న అమ్మాయికి తప్ప! ఇటు తిరిగితే నడుం లాగుతుంది. అటు తిరిగితే గుండెల్లో మంట. వెల్లకిలా పడుకుంటే ఆయాసం. కాస్త కన్ను మూతపడేసరికి పిక్క పట్టేస్తుంది. లేదంటే బాత్రూమ్‌కి లేవాలి. పైగా తెలియకుండా పక్క మారితే బిడ్డకేమవుతుందోనన్న బెంగ. ఉన్న కాస్త నిద్రా ఆ బెంగతోనే పోతుంది.

నిజానికి పెద్దవాళ్లు చెప్పేదాంట్లో సత్యం ఉంది. దానికి తోడైన భయమే అక్కర్లేదు.

వెల్లకిలా ఎందుకు వద్దు?
కాళ్ల నుంచీ, నడుం కింది భాగం నుంచీ రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర ఒకటి ఉంటుంది. ఇది వెన్నెముకకు కొంచెం కుడివైపుగా పైకి సాగుతుంది. ఏడో నెల దాటాక బిడ్డ, ఉమ్మనీరు, మావి, గర్భసంచి అన్నీ కలిసి మంచి బరువే అవుతాయి. వెల్లకిలా పడుకుంటే ఆ బరువంతా ఈ సిర మీద పడుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. కొందరికి కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి, బీపీ పడిపోతుంది. పక్కకి తిరిగితే సర్దుకుంటుంది. అమెరికా వైద్యులు 1953లోనే దీన్ని వివరంగా రాశారు. తల్లికి ఏమీ తెలియకపోయినా బిడ్డకి అందే రక్తం కొంత తగ్గొచ్చు.

'ఎడమ' మాట ఎక్కడిది?
ఎడమ పక్కకి తిరిగితే ఆ పెద్ద సిర మీద బరువు పడదు. అందుకే డాక్టర్లు చాలాకాలంగా ఎడమే మంచిదని చెబుతూ వచ్చారు. 2011లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో చేసిన పరిశోధనతో ఆ మాటకి మరింత బలం వచ్చింది. చివరి నెలల్లో ఎడమ పక్కకి తిరిగి పడుకున్నవాళ్లలో మృతశిశువు పుట్టడం వెయ్యికి రెండు, మిగతావాళ్లలో వెయ్యికి నాలుగు ఉన్నట్టు అది అంచనా వేసింది. రెట్టింపు అనగానే ఎవరికైనా భయమేస్తుంది. కానీ ఎటు పడుకున్నా వెయ్యిలో 996 మందికి బిడ్డ క్షేమమేనన్నది కూడా ఆ లెక్కలోనే ఉంది.

తర్వాత వేర్వేరు దేశాల పరిశోధనల వివరాలన్నీ ఒకచోట చేర్చి 2019లో మళ్లీ చూశారు. బిడ్డను పోగొట్టుకున్న 851 మంది తల్లులు, గర్భంతో ఉన్న మరో 2,257 మంది చెప్పిన సంగతులు అందులో ఉన్నాయి. ఏడో నెల దాటాక వెల్లకిలా నిద్రకు ఉపక్రమించేవాళ్లలో ముప్పు 2.6 రెట్లు ఎక్కువని తేలింది. మరి ఎడమా? కుడా? రెంటికీ తేడా కనపడలేదు! బ్రిటన్‌లో 2021లో డాక్టర్లకిచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నదీ ఇదే... 28 వారాల తర్వాత వెల్లకిలా నిద్రపోవద్దు.

అంటే ఒక చెయ్యి తిమ్మిరెక్కిపోతున్నా రాత్రంతా ఎడమకే పడి ఉండక్కర్లేదు. కాసేపు అటు, కాసేపు ఇటు. గుండెల్లో మంట ఉన్నవాళ్లకి మాత్రం ఎడమవైపే కొంచెం హాయి. జీర్ణాశయం ఉండే తీరు వల్ల ఆ పక్కన పడుకున్నప్పుడు పులుపు పైకి ఎగదన్నడం తగ్గుతుంది.

ఇక మొదటి ఆరు నెలల సంగతి. అమెరికాలో 8,700 మందికి పైగా గర్భిణులను 30 వారాల దాకా గమనించిన పరిశోధన కూడా 2019లోనే వచ్చింది. ఆ నెలల్లో ఎటు పడుకున్నా బిడ్డకి ముప్పు పెరిగినట్టు అందులో కనపడలేదు. కాబట్టి మూడో నెల నుంచే బెంగ పెట్టుకోనవసరం లేదు.

మెలకువ వస్తే వెల్లకిలా ఉంటే?
చాలామందిని కంగారు పెట్టేది ఇదే. నిద్రలో ఎవరైనా పక్క మారతారు. ఏ భంగిమలో నిద్ర పడుతుందో సాధారణంగా ఎక్కువసేపు అందులోనే ఉంటాం. కాబట్టి పడుకునేటప్పుడు పక్కకి తిరిగితే చాలు. మెలకువ వచ్చి చూసుకుంటే వెల్లకిలా ఉన్నారా? మళ్లీ పక్కకి తిరిగి కళ్లు మూసుకోవడమే. మధ్యాహ్నం కునుకుకీ ఇదే సూత్రం.

పేగు చుట్టుకుంటుందా?
పడుకునే పక్క మారితే బొడ్డుతాడు బిడ్డ మెడకి చుట్టుకుంటుందని, లేచి కూర్చునే తిరగాలని మన దగ్గర గట్టి నమ్మకం. పాపం, దీనివల్ల రాత్రికి పదిసార్లు లేచి కూర్చునే అమ్మాయిలెందరో! నిజానికి బొడ్డుతాడు చుట్టుకునేది బిడ్డ కదలికల వల్ల. ఉమ్మనీటిలో బిడ్డ తిరుగుతూనే ఉంటుంది. తల్లి పక్క మారడానికీ దానికీ సంబంధం లేదు. సుమారు నాలుగైదు కాన్పుల్లో ఒకదాంట్లో మెడకి తాడు చుట్టుకునే ఉంటుంది. చాలావరకు బిడ్డ క్షేమంగానే పుడుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు మోకాళ్లు దగ్గరికి తీసుకుని, భుజం, నడుం ఒకేసారి కదిలేలా మెల్లగా తిరిగితే చాలు.

పాత చీరలే పరుపు
పట్నాల్లో గర్భిణుల కోసం పొడవాటి దిండ్లు అమ్ముతున్నారు. అవే కావాలని లేదు. ఇంట్లో ఉన్న బొంత, రెండు దిండ్లు, నాలుగు పాత నూలు చీరలు చాలు.

* మోకాళ్లు కొద్దిగా మడిచి, మధ్యలో ఒక దిండు. అది మోకాలి నుంచి మడమ దాకా ఉంటే నడుం మీద లాగుడు తగ్గుతుంది.
* వీపు వెనక బొంతని చుట్టచుట్టి పెడితే నిద్రలో వెనక్కి ఒరిగినా పూర్తిగా వెల్లకిలా పడరు.
* పొట్ట కింద మడిచిన పల్చటి చీర పెడితే బరువు వేలాడినట్టుండదు.
* కుక్కి మంచం వద్దే వద్దు. నడుం గుంతలోకి దిగిపోతుంది, పక్కకి తిరగడమే కష్టం. కాళ్లవైపు తాడు బిగించి, పైన బొంత పరిస్తే నులక మంచమైనా సుఖమే.
* కింద చాప మీద అలవాటైతే అలాగే పడుకోవచ్చు. లేచేటప్పుడు మాత్రం ముందు పక్కకి తిరిగి, చేత్తో నేలని ఆనుకుని, మోకాళ్ల మీదకొచ్చి లేవాలి.

గుండెల్లో మంటకి... పడకకి రెండు మూడు గంటల ముందే అన్నం తినేయాలి. మంచం తలవైపు కోళ్ల కింద తలా ఒక ఇటుక పెట్టినా ఉపశమనమే. పిక్క పట్టేసినప్పుడు కాలు చాపి, పాదాన్ని తనవైపు లాగాలి. పొట్ట అడ్డొచ్చి చెయ్యి అందదు కాబట్టి ఈ పని పక్కనున్న భర్తది! కాళ్లు ఊరికే కదిలించాలనిపిస్తూ, పురుగులు పాకినట్టుంటే రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. ఐరన్ మాత్రలను కాఫీ, టీలతో వేసుకోకూడదు.

రాత్రి లేవాల్సి వస్తోందని నీళ్లు మానేయడం తప్పు. అందులోనూ నెల్లూరు ఎండల్లో! పగలు బాగా తాగి, పడుకునే ముందు కాస్త తగ్గిస్తే సరి. బాత్రూమ్ దొడ్డివైపు ఉన్న ఇళ్లలో దారిలో లైటు వేసి ఉంచాలి. కాలికి అడ్డం పడే సామాను తీసేయాలి.

తెల్లారేదాకా ఆగొద్దు
కొన్నింటికి పడక మారిస్తే సరిపోదు. బిడ్డ కదలికలు ఎప్పటికన్నా తగ్గాయనిపించినా, విపరీతమైన తలనొప్పి వచ్చి చూపు మసకబారినా, ముఖం, చేతులు హఠాత్తుగా వాచినా, రక్తం కనపడినా, ఉమ్మనీరు పోయినా అది అర్ధరాత్రైనా సరే 108కి ఫోన్ చేయాలి. అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు విపరీతంగా దురద పెడుతుంటే కాలేయ సమస్య కావచ్చు. ఆలస్యం చేయకుండా డాక్టరుకి చెప్పాలి. కొత్తగా గురక మొదలైతే బీపీ చూపించుకోవాలి. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. నిద్ర పట్టడం లేదన్న సంగతి అక్కడ చెప్పడానికి మొహమాటపడక్కర్లేదు.

సీమంతానికి ఇంకో సారె
తొలి కాన్పుకి అమ్మాయిని పుట్టింటికి తీసుకొచ్చేది సాధారణంగా ఏడో నెలలోనో, తొమ్మిదో నెలలోనో. అంటే పడుకునే తీరు గురించి నిజంగా పట్టించుకోవాల్సిన రోజుల్లోనే ఆమెకి పడక మారుతుంది. అలవాటైన దిండు అత్తారింట్లోనే ఉండిపోతుంది. అందుకే గాజులు, చీర, పూలు, పండ్లతోపాటు రెండు మెత్తటి దిండ్లు కూడా సారెలో పెడితే బాగుంటుంది. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఎవరూ లేపకపోతే ఇంకా బాగుంటుంది. బిడ్డ పుట్టాక ఎలాగూ నిద్ర కరువే. ఈ మూడు నెలలైనా అమ్మాయిని హాయిగా పడుకోనిద్దాం... ఏ పక్కకి తిరిగితే ఏం!