నలభై నాలుగు డిగ్రీల ఎండ ఇంజన్‌కు చలే

మిర్చి ఏరుడు మొదలైతే నెల్లికుదురు మండలంలో పికప్ బండ్లకు తీరిక దొరకదు. బస్తాలు నింపుకుని కొన్ని వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు, కొన్ని ఖమ్మానికి బయల్దేరతాయి. ఫిబ్రవరి దాటాక ఎండలు పెరుగుతాయి. ఆయిల్ మార్చే వేళకు మెకానిక్ షెడ్డు దగ్గర ఒక సలహా కచ్చితంగా వినిపిస్తుంది: "ఎండలు ముదిరినయ్ అన్నా, ఈసారి చిక్కటిది పోయించు. పల్చటి ఆయిల్ నీళ్లయిపోతది." బండి పుస్తకంలో 15డబ్ల్యూ-40 అని ఉన్నా 20డబ్ల్యూ-50 డబ్బా కొనేది ఈ మాట మీదనే.

మాట సబబుగానే తోస్తుంది. కానీ ఇంజన్ లోపలి లెక్క వేరు. వేడెక్కి నడుస్తున్న ఇంజన్‌లో ఆయిల్ దాదాపు వంద డిగ్రీల దగ్గర ఉంటుంది. బేరింగుల్లో, పిస్టన్ రింగుల దగ్గర ఇంకా ఎక్కువ. బయట 30 డిగ్రీలున్నా 44 ఉన్నా ఇంజన్ వేడి మరీ మారిపోకుండా చూసేందుకే థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాన్ ఉన్నాయి. డబ్బా మీది రెండో అంకె కూడా వంద డిగ్రీల దగ్గర కొలిచిన చిక్కదనాన్నే చెబుతుంది. ఎస్‌ఏఈ ప్రమాణం ప్రకారం 40 గ్రేడ్ అంటే ఆ వేడిలో 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు. 50 గ్రేడ్ అంటే 16.3 నుంచి 21.9 లోపు. అంటే మే నెల ఎండను కంపెనీ మరిచిపోలేదు, అంతకు రెట్టింపు వేడిని లెక్కలోకి తీసుకునే గ్రేడ్ నిర్ణయించింది.

ఇంకో కోణం చాలామందికి తట్టదు. మామూలు 15డబ్ల్యూ-40 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర సుమారు 110 సెంటీస్టోక్స్ ఉంటుంది, వంద దగ్గర 14కు కాస్త అటూ ఇటూ. దాదాపు ఎనిమిది రెట్ల తేడా! నడి మధ్యాహ్నం చెట్టు కింది నుంచి స్టార్ట్ చేసిన బండి కూడా ఇంజన్ దృష్టిలో చల్లటి బండే. 20డబ్ల్యూ-50 అదే 40 డిగ్రీల దగ్గర 160 దాటుతుంది. స్టార్ట్ కొట్టగానే పై భాగాలకు, టర్బోకు అది అందడం ఆలస్యమవుతుంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది కాబట్టి ఆలస్యం అక్కడ అరుగుదలగా మారుతుంది.

"చిక్కటిదైతే ప్రెషర్ బాగా చూపిస్తుంది కదా" అనేవారున్నారు. చూపిస్తుంది. ఆయిల్ ముందుకు కదలడానికి మొరాయిస్తే ప్రెషర్ పెరగక మానదు. అది హద్దు దాటితే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని, బేరింగులకు వెళ్లాల్సిన ఆయిల్‌లో కొంత వెనక్కి మళ్లుతుంది.

ఎండాకాలం భయం పూర్తిగా ఉత్తదేమీ కాదు. పరిమితికి మించిన లోడు, రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పత్తి దూది, దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ ఇంజన్‌ను నిజంగానే కాలుస్తాయి. వాటికి మందు చిక్కటి ఆయిల్ కాదు. రేడియేటర్ శుభ్రం చేయించడం, ఫిల్టర్ మార్చడం, దుమ్ము దారుల్లో తిరిగే బండికి ఆయిల్‌ను గడువు కన్నా ముందే మార్చడం. పుస్తకంలోని పట్టికలో 20డబ్ల్యూ-50 పేరు కూడా ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు.

డబ్ల్యూ అంటే బరువు అనుకోవడం మరో పొరపాటు. అది చలికాలానికి గుర్తు. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. మనకు అంత చలి ఎప్పుడూ రాదు. అలాగని 5డబ్ల్యూ-40 వేడిలో 15డబ్ల్యూ-40 కన్నా పల్చనైపోదు. వంద డిగ్రీల దగ్గర రెండూ ఒకే తరగతి. ఇక గేర్ ఆయిల్ మీది 90 చూసి అది ఇంజన్ ఆయిల్‌కు రెట్టింపు చిక్కన అనుకుంటారు. గేర్ ఆయిల్‌కు కొలమానమే వేరు: వేడిలో 90 నంబరు గేర్ ఆయిల్, 40 లేదా 50 నంబరు ఇంజన్ ఆయిల్ దాదాపు ఒకే చిక్కదనంలో ఉంటాయి. ఒకదాని బదులు మరొకటి పోయకూడదనేది మాత్రం నిజం, కారణం వాటిలో కలిపే రసాయనాలు.

ఇవాళ అన్నిటికన్నా ఖరీదైన అపోహ వేరే ఉంది. గ్రేడ్ కలిస్తే చాలు, ఇంట్లో ట్రాక్టర్‌కు తెచ్చిన డబ్బాలోంచి పికప్‌కూ పోయవచ్చన్నది. పాత బండ్లలో ఇది చాలావరకు చెల్లింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక సంగతి మారింది. ఈ తరం డీజిల్ పికప్‌లలో చాలావాటికి పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. మసిని అది కాల్చేసుకుంటుంది. ఆయిల్ కాలగా మిగిలే బూడిదను కాల్చలేదు, అది పేరుకుపోతుంది. అందుకే ఈ బండ్లకు బూడిద తక్కువగా మిగిల్చే ఆయిల్ కావాలి. డబ్బా మీద 15డబ్ల్యూ-40తో పాటు ఏపీఐ సీకే-4, ఏసీఈఏ సీ3 వంటి గుర్తుల్లో పుస్తకం చెప్పినది ఉందా అని చూడాలి. అంకె ఒకటే అయినా గుర్తు వేరైతే అది వేరే ఆయిలే. ఫిల్టర్ పాడైతే అయ్యే ఖర్చు ముందు ఆయిల్ డబ్బాల మధ్య ధర తేడా ఏపాటిది!

ఇదే బండ్లలో డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగితే కొందరు సంతోషిస్తారు. ఆయిల్ పెరగదు. మసి కాల్చేందుకు అదనంగా చల్లిన డీజిల్ కొంత కిందికి దిగి ఆయిల్‌లో కలిసి, దాన్ని పల్చన చేస్తోందన్నమాట. గీత దాటితే వెంటనే షెడ్డుకు తీసుకెళ్లాలి. ఆయిల్ నల్లబడటం మాత్రం డీజిల్ ఇంజన్‌లో మామూలే. మసిని అడుగున పేరుకోనీయకుండా తనలో తేలనిచ్చే ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది.

ఆయిల్ తాగుతున్న పాత ఇంజన్‌కు, పుస్తకం అనుమతిస్తే, ఒక గ్రేడ్ చిక్కటిది పోస్తే నీలం పొగ కొంత తగ్గవచ్చు. అరిగిన రింగులు, వాల్వ్ సీల్స్ దానితో బాగుపడవు. కంప్రెషన్ పరీక్ష చేయిస్తే లోపం రింగుల్లో ఉందో, పైన ఉందో చాలావరకు తెలుస్తుంది. మరో డబ్బా కొనేముందు మెకానిక్‌ను అడగవలసింది ఆ పరీక్షే.