గూడు మారేముందు జ్ఞాపకాలు భద్రం
సామాజిక వెబ్‌సైట్లు వస్తుంటాయి, పోతుంటాయి.. దాచుకున్నవి దక్కించుకోవడం వినియోగదారుల చేతుల్లోనే

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెత అంతర్జాలంలోని సామాజిక అనుసంధాన వెబ్‌సైట్లకు చక్కగా వర్తిస్తుంది. మిత్రులందరూ చేరిన వేదిక ఒకటి కొన్నేళ్లపాటు వెలిగిపోతుంది. అంతలోనే మరొకటి పుట్టుకొస్తుంది. జనం అటు తరలిపోతారు. పాత వేదిక వెలవెలబోయి చివరకు మూతపడుతుంది. ఈ రాకపోకల్లో చాలామంది గమనించని నష్టం ఒకటుంది. పాత వేదికపై దాచుకున్న ఫొటోలు, పలకరింపులు, రాతలు దానితోపాటే మాయమవుతున్నాయి. ఒకప్పుడు తెలుగు యువతను ఉర్రూతలూగించిన ఆర్కుట్ ఉదంతమే ఇందుకు నిదర్శనం.

ఆహ్వానం ఉంటేనే ప్రవేశం

గూగుల్ సంస్థలో ఇంజినీరుగా పనిచేసిన టర్కీ దేశీయుడు ఆర్కుట్ బుయుక్కోక్టెన్ రూపొందించిన ఈ వేదిక 2004 జనవరిలో ప్రారంభమైంది. ఆయన పేరునే దానికి పెట్టారు. తొలినాళ్లలో అప్పటికే సభ్యులైన వారెవరైనా ఆహ్వానం పంపితేనే అందులో చేరే వీలుండేది. దాంతో ఆహ్వానం అందడమే ఒక గౌరవంగా భావించేవారు. అమెరికాలో పుట్టినా ఈ వేదికకు అసలైన ఆదరణ లభించింది బ్రెజిల్, భారతదేశాల్లోనే. 2008లో దాని నిర్వహణ బాధ్యతను గూగుల్ బ్రెజిల్ విభాగానికి అప్పగించారు.

ఇంటింటా కంప్యూటర్ లేని ఆ రోజుల్లో మన జిల్లా కేంద్రాల్లోని నెట్ సెంటర్లే ఆర్కుట్‌కు వాకిళ్లయ్యాయి. విద్యార్థులు గంటల చొప్పున రుసుము చెల్లించి మిత్రుల పేజీలు చూసుకునేవారు. ఒకరి పేజీలో మరొకరు రాసే చిన్న సందేశాన్ని స్క్రాప్ అనేవారు. మిత్రుని గుణగణాలను మెచ్చుకుంటూ రాసేది టెస్టిమోనియల్. చదివిన కళాశాల, పుట్టిన ఊరు, అభిమాన కథానాయకుడు.. ఇలా ఒక్కో అంశంపై కమ్యూనిటీలు వెలిశాయి. ఉద్యోగరీత్యా విదేశాలకు వెళ్లినవారు బాల్యమిత్రుల ఆచూకీ వీటిద్వారా తెలుసుకోగలిగారు. తెలుగు టైపు చేయడం అందరికీ అలవడని కాలం కావడంతో ఆ రాతల్లో అధికభాగం ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగే.

2010 నాటికి మనదేశంలో ఫేస్‌బుక్ ఆర్కుట్‌ను అధిగమించింది. 2014 జూన్ 30న గూగుల్ మూసివేత నిర్ణయాన్ని ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరు 30న ఆర్కుట్ ఆగిపోయింది. ఫొటోలు, స్క్రాప్‌లు, టెస్టిమోనియల్స్ దించుకునేందుకు 2016 సెప్టెంబరు వరకు గడువిచ్చారు. బహిరంగ కమ్యూనిటీల చర్చలను కొంతకాలం భద్రపరిచినా 2017లో వాటినీ తొలగించారు. గడువులోగా మేలుకోనివారికి కళాశాల రోజుల జ్ఞాపకాలు శాశ్వతంగా దూరమయ్యాయి.

అందరూ ఒక్కసారే ఎందుకు కదులుతారు?

సామాజిక వేదిక విలువ దానిలోని హంగుల్లో కంటే అందులోని మనుషుల్లోనే ఎక్కువగా ఉంటుంది. పదిమంది సభ్యులుంటే వారి మధ్య ఏర్పడగల జంట పరిచయాలు 45. సభ్యులు ఇరవైమంది అయితే పరిచయాలు 90 కావు, 190కి చేరతాయి. సభ్యులు రెట్టింపైతే పరిచయాల అవకాశం నాలుగింతలకు పైగా పెరుగుతోందన్నమాట. కొత్త వేదిక ఒక స్థాయి దాటాక హఠాత్తుగా ఊపందుకోవడానికి కారణమిదే.

ఇదే లెక్క తిరోగమనంలోనూ పనిచేస్తుంది. ఇరవైమందిలో పదిమంది వెళ్లిపోతే మిగిలేది సగం కాదు, నాలుగో వంతు కంటే తక్కువ. పలకరించేవారు లేని చోట మిగిలినవారూ నిలవరు. సభ్యులు తగ్గితే ప్రకటనల ఆదాయం పడిపోతుంది. సర్వర్లు, సిబ్బంది ఖర్చు మాత్రం అదే స్థాయిలో తగ్గదు. ఆపై మూసివేత ప్రకటన వెలువడటం లాంఛనమే.

మూతపడిన వేదికలెన్నో

ఈ బాటలో నడిచింది ఆర్కుట్ ఒక్కటే కాదు. 2002లో మొదలైన ఫ్రెండ్‌స్టర్ ఒకప్పుడు ఈ రంగంలో అగ్రగామి. సభ్యుల తాకిడికి తగ్గట్టు దాని సర్వర్లు నిలవలేదు. పేజీ తెరుచుకోవడానికే ఎక్కువ సమయం పట్టడంతో జనం విసుగెత్తారు. 2011లో అది ఆటల వెబ్‌సైటుగా మారినప్పుడు సభ్యుల పాత ఫొటోలు, సందేశాలను తొలగించారు. 2003లో పుట్టిన మైస్పేస్‌ను రూపర్ట్ మర్డోక్‌కు చెందిన న్యూస్ కార్పొరేషన్ 2005లో 58 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. 2011లో అమ్మినప్పుడు పలికిన ధర సుమారు మూడున్నర కోట్ల డాలర్లు. సర్వర్ల మార్పిడిలో పాత పాటలు, ఫొటోలు, వీడియోలు పోయాయని ఆ వేదిక 2019లో అంగీకరించింది.

సొంత పేజీలు నిర్మించుకునే అవకాశమిచ్చిన జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసివేసింది. ఫేస్‌బుక్‌కు పోటీగా 2011లో వచ్చిన గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో సాధారణ వినియోగదారులకు నిలిచిపోయింది. తెలుగు సాహిత్య చర్చలకు సైతం నెలవైన యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో పూర్తిగా మూతపడింది.

స్వదేశీ ప్రయత్నాలకూ ఈ గతి తప్పలేదు. తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో రాసుకునే వీలుతో 2020లో వచ్చిన కూ, ఇతర సంస్థలతో విలీన చర్చలు ఫలించక 2024 జులైలో ఆగిపోయింది. ఆదరణ తగ్గకున్నా వేదిక దూరమయ్యే సందర్భాలూ ఉంటాయి. పల్లెల్లోని ఔత్సాహికులకు సైతం గుర్తింపు తెచ్చిన టిక్‌టాక్‌ను మరో 58 యాప్‌లతో పాటు కేంద్ర ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించింది. దాన్నే నమ్ముకున్నవారు ఏళ్లతరబడి కూడగట్టుకున్న అభిమానులను రాత్రికి రాత్రే కోల్పోయారు.

ఫోన్ నంబరుకున్న వెసులుబాటు దీనికేదీ?

ఒక టెలిఫోన్ కంపెనీ సేవలు నచ్చకపోతే నంబరు మార్చకుండానే మరో కంపెనీకి మారే సౌకర్యం 2011 జనవరి నుంచి దేశమంతటా అందుబాటులోకి వచ్చింది. ఈ-మెయిల్ కూడా అంతే. ఒక సంస్థ చిరునామా నుంచి మరే సంస్థ చిరునామాకైనా ఉత్తరం చేరుతుంది. సామాజిక వేదికల్లో అత్యధికం ఇందుకు భిన్నం. ఒకదానిలోని మిత్రుడిని మరోదాని నుంచి పలకరించడం వీలుకాదు. వేదిక మారితే మిత్రబృందాన్ని మళ్లీ మొదటినుంచి కూర్చుకోవాల్సిందే.

ఈ గోడలను తొలగించే ప్రయత్నాలు లేకపోలేదు. 2016లో వచ్చిన మాస్టోడాన్ ఒకే సంస్థ చేతిలో లేని వేదిక. వేర్వేరు వ్యక్తులు, సంఘాలు నడిపే సర్వర్లు అందులో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఇందుకు తోడ్పడే యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ఆమోదించింది. సభ్యులు ఒక సర్వరు నుంచి మరోదానికి మారినప్పుడు తమను అనుసరించేవారిని వెంట తీసుకెళ్లవచ్చు. అయితే పాత రాతలు మాత్రం వెంట రావు.

ఐరోపా సమాఖ్యలో 2018 మే నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం వినియోగదారులు తమ సమాచారాన్ని ఒక సంస్థ నుంచి మరో సంస్థకు తరలించుకునే హక్కు కలిగి ఉన్నారు. మనదేశంలో 2019 నాటి ముసాయిదా బిల్లులో ఇటువంటి హక్కును ప్రతిపాదించారు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టంలో మాత్రం అది చోటుచేసుకోలేదు. సమాచారాన్ని సరిదిద్దమని, తొలగించమని కోరే హక్కులను ఈ చట్టం గుర్తించింది. తరలింపు విషయంలో మాత్రం వినియోగదారుడు తన జాగ్రత్తలో తానుండక తప్పదు.

పాటించాల్సిన జాగ్రత్తలు

* ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ వంటి వేదికల సెట్టింగుల్లో సొంత సమాచారం మొత్తాన్ని దించుకునే సదుపాయం ఉంది. గూగుల్ సేవలకు టేకౌట్ పేరుతో ఇదే వీలుంది. ఏడాదికి ఒకసారైనా దీన్ని వినియోగించుకోవాలి.

* వాట్సాప్‌లోని ముఖ్యమైన సంభాషణలను ఎక్స్‌పోర్ట్ చాట్ ద్వారా విడిగా భద్రపరచుకోవచ్చు. పెద్దల మాటలున్న ధ్వని సందేశాలు, పాత ఫొటోలను ఫోనులోనే వదిలేయకూడదు.

* దించుకున్నవాటిని ఒకే చోట ఉంచడం శ్రేయస్కరం కాదు. కంప్యూటరులో ఒక ప్రతి, విడిగా ఉండే హార్డ్ డిస్కులో మరో ప్రతి ఉండాలి.

* రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో తీసుకొచ్చింది. పాత ఈ-మెయిల్ ఖాతాల్లో ఫొటోలున్నవారు అప్పుడప్పుడు వాటిని తెరుస్తుండాలి.

* ఆప్తమిత్రుల ఫోన్ నంబర్లు, ఈ-మెయిల్ చిరునామాలు వేరుగా రాసిపెట్టుకోవాలి. వేదిక పోయినా పరిచయం పోదు.

* కొత్త వేదికలో చేరేటప్పుడు ఈ-మెయిల్ పాస్‌వర్డ్‌ను, ఫోనులోని చిరునామాల పట్టికను అప్పగించరాదు. అలా చేస్తే పరిచయస్తులందరికీ వారి పేరిట ఆహ్వానాలు వెళ్లే ప్రమాదముంది. పాత పాస్‌వర్డ్‌నే కొత్త చోటా వాడటం మంచిది కాదు.

* ఇక వాడబోమనుకున్న వేదికలో సమాచారాన్ని దించుకున్నాక ఖాతాను మూసివేయాలి. గాలికి వదిలేసిన ఖాతాలు మోసగాళ్ల చేతికి చిక్కవచ్చు. ఆర్థిక మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.

అద్దె ఇంటితో పోలిక

సామాజిక వేదిక అద్దె ఇంటి వంటిది. అందులో పెరిగిన స్నేహాలు అద్దెకున్నవారివి, ఇల్లు మాత్రం యజమానిది. ఆయన ఖాళీ చేయమన్న రోజున సామాను సర్దుకోవడానికి దొరికే వ్యవధి కొద్దిపాటిదే. టిక్‌టాక్ ఉదంతంలో ఆ కాస్త వ్యవధీ దొరకలేదు. రేపు రాబోయే వేదిక ఏదో చెప్పడం ఎవరితరమూ కాదు. నేడున్నవన్నీ కలకాలం నిలవవన్నది మాత్రం గడచిన అనుభవాలు చాటుతున్న సత్యం. కొత్త గూటికి చేరడంలో తప్పులేదు. అయితే దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న పెద్దల మాటను మరువరాదు.