ప్రేమకూ ఉంది ప్రొబేషన్‌!

హోటల్‌ మేనేజ్‌మెంట్‌ పూర్తయింది. గోవాలోని ఓ బీచ్‌ రిసార్టులో ఫ్రంట్‌ ఆఫీస్‌ ఉద్యోగం వచ్చింది. అక్టోబరు నుంచి మార్చి దాకా సీజన్‌.. ఊపిరి సలపనంత పని. ఉండేది స్టాఫ్‌ క్వార్టర్స్‌లో, తినేది స్టాఫ్‌ క్యాంటీన్‌లో. అమ్మానాన్నలు కనిపించేది వీడియో కాల్‌లోనే. అలాంటి చోట, నైట్‌ షిఫ్టులో అడక్కుండానే టీ తెచ్చిచ్చే సహోద్యోగి మీద మనసు పడితే? తప్పేం లేదు. తొందరపడితేనే తిప్పలు!

ప్రేమా.. ఒంటరితనమా?
కొత్త ఊరు, తెలియని భాష. కాస్త ఆప్యాయంగా పలకరించినవాళ్లే లోకంలా అనిపిస్తారు. అందుకే ఒక సీజన్‌ ఆగి చూడండి. సెలవు మీద ఇంటికెళ్లొచ్చాక కూడా అదే ఇష్టం ఉందా? ఈలోగా మనిషిని గమనించండి. అతిథి కేకలేసినప్పుడు ఎలా మాట్లాడుతున్నారు? తప్పు జరిగితే జూనియర్‌ మీదకు నెట్టేస్తున్నారా? డేటింగ్‌ యాప్‌లో తెలియనివి డ్యూటీలో ఇట్టే తెలిసిపోతాయి.

అడిగేది ఒక్కసారే
అవతలి వాళ్లు ‘వద్దు’ అంటే అక్కడితో ఆపేయాలి. వెంటపడటం, పదేపదే మెసేజ్‌లు పెట్టడం వేధింపు కిందికి వస్తాయి. 2013 నాటి చట్టం ప్రకారం 10 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. పని చోట లైంగిక వేధింపులు ఎదురైతే మహిళలు 3 నెలల్లోగా దీనికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. ట్రెయినీలకూ ఈ రక్షణ ఉంది. చేరిన రోజే కమిటీలో ఎవరున్నారో తెలుసుకోండి.

బాస్‌ అయితే..
మీ రోస్టర్‌, అప్రైజల్‌ వాళ్ల చేతిలో ఉంటాయి. మీరు కష్టపడి తెచ్చుకున్న ప్రమోషన్‌కీ నలుగురూ వేరే అర్థం తీస్తారు. హెచ్‌ఆర్‌ నిబంధనలు చదవండి. ఇద్దరికీ ఇష్టమైతే దాచిపెట్టకుండా చెప్పి, వేరే విభాగానికి మార్చమని అడగండి.

చివరగా ఒక్క మాట. సమాధానం ‘కాదు’ అనొచ్చు. అయినా మర్నాడు అదే డెస్కులో, అదే మనిషి పక్కన నిలబడి అతిథులకు నవ్వుతూ స్వాగతం చెప్పాలి. ఆ పని చేయగలనన్న ధైర్యం వచ్చాకే నోరు విప్పండి!