వార్తల్లో పదం: సేవా–లాభ శృంఖల

వ్యాపార వార్తలలో కానవచ్చు ‘సేవా–లాభ శృంఖల’ యనునది ఉద్యోగి సంతృప్తికిని, సేవా నాణ్యతకును, వినియోగదారుని సంతుష్టికిని, సంస్థ లాభమునకును గల కార్యకారణ సంబంధమును వివరించు సిద్ధాంతము. 1994లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికయందు జేమ్స్ హెస్కెట్ ప్రభృతులైన ఐదుగురు రచయితలు దీనిని ప్రతిపాదించిరి.

దీని ప్రకారము తగిన శిక్షణయు, సాధనములును, నిర్ణయస్వాతంత్ర్యమును పొందిన ఉద్యోగి సంతృప్తుడై కొలువున నిలుచును; అతని అనుభవము సేవకు నాణ్యత నొసగును; వెచ్చించిన ధనమునకు తగిన విలువ దక్కెనని తలంచిన వినియోగదారుడు మరల మరల వచ్చుచు, పరులకును చెప్పును; తన్మూలమున లాభము వృద్ధిచెందును. ఈ లంకెలన్నియు ఎల్లెడల సమానబలము గలవి కావని కొందఱు పరిశోధకుల అభిప్రాయము.

బ్యాంకు కౌంటరు కడనో, ఆసుపత్రి వరండాలోనో వేచియుండు పాఠకునకు ఈ పదము ముఖ్యమగుటకు కారణ మొక్కటే: తనకు లభించు సేవ, ఎదుటనున్న ఉద్యోగికి తన సంస్థయందు లభించు ఆదరముతో ముడివడి యుండునని ఇది తెలుపుచున్నది.