నేతిచుక్క లేని పండుగ విస్తరి

సంక్రాంతి వారం రోజులుందనగానే మన పల్లెల్లో వెన్న కాచిన కమ్మదనం వీధి మలుపులోనే పలకరిస్తుంది. గుంటూరు నుంచి చిలకలూరిపేటకు సాగే జాతీయ రహదారి మీది ఎడ్లపాడు అందుకు మినహాయింపు కాదు. మిరప, పత్తి పండే నేల, పాడి ఉన్న ఇళ్ళు, కనుచూపు మేరలో కొండవీటి కొండలు. అటువంటి ఊరిలో ఒక ఇంటిని తలచుకుందాం. అమెరికాలో ఉన్న మనవడు పండుగకు వస్తున్నాడు. వెంట ఇద్దరు స్నేహితులు. ఫోను పెట్టేసే ముందు చివరి మాటగా అంటాడు: “నాయనమ్మా, వాళ్ళు వీగన్లు. మాంసమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టరు.”

ఆ మాట విన్న నాయనమ్మకు కలిగేది కోపం కాదు, దిగులు. నెయ్యి వేయకుండా పప్పన్నం ఎలా పెట్టడం? పాలు పొంగని పొంగలి నైవేద్యమవుతుందా? పెరుగన్నం తినకుండా అతిథి విస్తరి ముందు నుంచి లేస్తే ఇంటి పెద్దకు మనసొప్పుతుందా? ఈ దిగులును తేలికగా కొట్టిపారేయరాదు. తెలుగింట నెయ్యి కేవలం రుచి కోసం వడ్డించేది కాదు. విస్తరిలో తొలుత పడే అభిఘారం అది. దానిని వద్దన్న చేయి ఆప్యాయతనే వద్దన్నట్లు పెద్దలకు తోస్తుంది.

చరిత్ర చూస్తే చిక్కు మరింత స్పష్టమవుతుంది. వైదిక గృహస్థు ఇంటికి వచ్చిన పూజ్యుడైన అతిథికి ఇచ్చే తొలి మర్యాద మధుపర్కం. అందులోని ప్రధాన ద్రవ్యాలు పెరుగు, తేనె. నేటి ఈ అతిథి వద్దనేవి సరిగ్గా ఆ రెండే! పంచామృతంలోనూ పాలు, పెరుగు, నెయ్యి, తేనె పోగా అతనికి మిగిలేది చక్కెర ఒక్కటే. అయితే ఆ మధుపర్కం మన చేతిలోనే ఎంత మారిందో గమనించారా? ఈనాడు మధుపర్కాలు అనగానే మనకు స్ఫురించేవి వధూవరులు కట్టే అంచు బట్టలు. గిన్నెలోని పదార్థం పేరు బట్టకు వచ్చింది, మర్యాద మాత్రం నిలిచింది.

వీగన్ అన్న మాట పుట్టింది 1944లో, ఇంగ్లండులో. డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు ఆ పేరుతో ఒక సంఘాన్ని నెలకొల్పారు. పశువును మనిషి తన అవసరానికి వాడుకోరాదన్నది వారి నియమం. దూడకు చెందిన పాలు దూడకే ఉండాలంటారు. ఇది పాశ్చాత్యుల వింత పోకడ అని పెదవి విరిచేవారు మనలో ఉన్నారు. గోవును తల్లి అని మొక్కేవారికి ఈ మాట వింతగా తోచనక్కరలేదని నా అభిప్రాయం. వారి నిర్ణయంతో ఏకీభవించాలని కాదు, వారి కారణం మనకు అర్థం కానిది కాదని మాత్రమే.

వ్రతాల్లో లేనిదేమీ కాదు

చాతుర్మాస్య దీక్ష పట్టేవారికి ఇది తెలిసిన దారే. ఆ నాలుగు నెలల్లో మొదటి నెల కూరలు, రెండవ నెల పెరుగు, మూడవ నెల పాలు, నాలుగవ నెల పప్పుధాన్యాలు విడిచిపెడతారు. ఆశ్వయుజంలో పాలు మానిన పెద్దాయనను మనం భోజనానికి పిలిచినప్పుడు ‘కొంచెం తాగితే ఏమవుతుంది’ అని బలవంతం చేస్తామా? భాద్రపద శుద్ధ పంచమినాడు ఋషిపంచమి నోచే స్త్రీలు ఎద్దులతో దున్నిన చేలో పండిన పంటనే తినరు. పేరులోనే ఎడ్లున్న ఊరి వారికి ఆ వ్రతం లోతు వేరే చెప్పాలా?

నైవేద్యం సంగతికి వస్తే, గీత తొమ్మిదవ అధ్యాయంలో భక్తితో ఇస్తే చాలునని స్వామి చెప్పినవి ఆకు, పువ్వు, పండు, నీరు. శ్రీరామనవమి పానకంలో బెల్లం, మిరియాలు, ఏలకులు, నీళ్ళు. వడపప్పులో నానిన పెసరపప్పు. ఉగాది పచ్చడి ఆరు రుచుల్లోనూ పాలచుక్క లేదు. ఇవన్నీ ఏనాటి నుంచో దేవుడి ముందు పెడుతున్నవే. కోటప్పకొండ కథలోని ఆనందవల్లి గొల్ల ఇంటి ఆడపడుచు. ఆమె ప్రతిరోజూ కొండెక్కి సేవించిన స్వామికి పాలాభిషేకం ప్రీతికరం కాదని ఎవరంటారు? ఆ అభిషేకం ఆగనక్కరలేదు. దేవుడికి చేసేది చేస్తూనే అతిథికి పెట్టేది పెట్టవచ్చు. అయితే పెద్దపండుగనాడు పెద్దలకు పెట్టుకునే ఇళ్ళలో ఆ వంటలో మాత్రం ఇంటి పురోహితుణ్ణి అడగకుండా ఏమీ మార్చకండి. అది వేరే విషయం.

ఒక తప్పు మాత్రం చేయరాదు. ‘పోపులో చెంచాడు నెయ్యి పడితే వాళ్ళకేం తెలుస్తుంది’ అనుకోవడం. ప్రేమతోనే అయినా అది మోసం. ఏకాదశి ఉపవాసం ఉన్నవారికి తెలియకుండా అన్నం కలిపి పెట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. తైత్తిరీయోపనిషత్తు అతిథిని దేవుడిగా చూడమంది. దేవుడికి దాచి ఏమి పెడతాం?

వంట పొయ్యి మీదికి వచ్చే ముందు

మన వంటలో నెయ్యి చాలావరకు చివర చేరుతుంది. ఇదే ఇల్లాలికి పెద్ద ఊరట. బూరెలో పూర్ణం శనగపప్పు, బెల్లం, పైపిండి మినప్పప్పు, బియ్యం, వేగేది నూనెలో. నెయ్యి పోసుకునేది విస్తరిలో, బూరెకు చిల్లు పెట్టి. అరిసెలు కూడా అంతే. కొత్త బియ్యం తడిపి దంచిన పిండి, బెల్లం పాకం, నువ్వులు. పాకంలో వేసే చెంచాడు నేతిని మానితే సరి. జంతికల పిండిలో వెన్నకు బదులు కాగిన నూనె పోస్తే గుల్లతనం తగ్గదు. బొబ్బట్లు మాత్రం నేతితో కాల్చేవి. నూనెతో కాల్చవచ్చు గానీ, నా మటుకు ఆ రోజుకు వాటిని పక్కన పెట్టి బూరెలే చేయమంటాను. లోటు తెలిసే వంటకం కంటే లోటు లేని వంటకం మేలు కదా!

కనుమ కంటే సంక్రాంతినాడే వీరిని భోజనానికి కూర్చోబెట్టడం మంచిది. కనుమనాడు చాలా ఇళ్ళలో గారెలతో పాటు మాంసం వండుతారు. సంక్రాంతి విస్తరికి వంటకాలు వెతకనక్కరలేదు. నువ్వుల నూనెతో కలిపిన పులిహోర, అల్లం పచ్చిమిర్చి గారెలు, ఈ కాలంలో పందిరి నిండా కాసే చిక్కుడుకాయలకు నువ్వులపొడి చల్లిన కూర, గుమ్మడికాయ దప్పళం, గోంగూర పచ్చడి, చారు. నైవేద్యం గనుక ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ ఉండవు. ముద్దపప్పులోకి నెయ్యి బదులు పప్పునూనె. మన ముత్తవ్వలు పచ్చళ్ళలోకి కమ్మగా వేసుకున్న ఆ నువ్వుల నూనెను నేటి పిల్లలు మరచారు గానీ, వేడి అన్నంలో అది పడితే నేతిని తలచుకునే అవసరం రాదు.

పొంగలి దగ్గర కొంత శ్రమ ఉంది. కొత్త బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికాక బెల్లం కరిగించి వడకట్టి పోయాలి. దించే ముందు చిక్కని కొబ్బరిపాలు కలిపి, ఒక్క ఉడుకు రాగానే దించేయాలి. ఎక్కువసేపు మరిగితే కొబ్బరిపాలు విరుగుతాయి. జీడిపప్పు నెయ్యి లేకుండా దోరగా వేయించవచ్చు. కొబ్బరి మనకు పూజాద్రవ్యమే గనుక ఈ పొంగలి నివేదించడానికి సంకోచం అక్కరలేదు. ఆవుపాల పొంగలి లేనిదే తృప్తి లేదనుకునేవారు చిన్న గిన్నెలో అదీ వండి రెండూ స్వామి ముందు పెట్టండి.

పెరుగు విషయంలో నాది వేరే మాట. వేరుశెనగ గింజలు నానబెట్టి రుబ్బి, పాలు తీసి కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు మిరపకాయ తొడిమలు వేస్తే అవి తోడుకుంటాయి. మిరప పండే ఊరిలో తొడిమలకు కొదవా! సరదాగా చేసి చూడండి. కానీ అది గేదె పెరుగు కాదు, కాబోదు. అతిథికి చారన్నంతో భోజనం ముగించి, చల్లని పానకం గ్లాసు చేతికివ్వడమే నాకు నచ్చిన పద్ధతి.

పొట్లాల సరుకు కొనేటప్పుడు ఆకుపచ్చ చుక్క చూసి మోసపోవద్దు. అది శాకాహారమని మాత్రమే చెబుతుంది, పాలపొడి, నెయ్యి ఉన్న వాటి మీదా అదే ఉంటుంది. వీగన్ ఆహారానికి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో వేరే నిబంధనలు, వేరే గుర్తు తెచ్చింది. అన్నింటికంటే ముందు, ఒక నేతి గరిటె అన్ని గిన్నెల్లో తిరగకుండా చూడాలి. తీర్థం కూడా రెండు పాత్రల్లో, ఒకదానిలో పంచామృతం, రెండవదానిలో తులసి జలం ఉంచితే అతిథి అరచేయి ముడుచుకోవలసిన అవసరం రాదు.

వడ్డనలో వారిని వేరే పంక్తిలో కూర్చోబెట్టవద్దు. ఒకే పులిహోర, ఒకే గారె, ఒకే బూరె అందరి ఆకుల్లోనూ పడాలి. నేతి గిన్నె, పెరుగు గిన్నె చివర వచ్చి కావలసినవారి ముందు ఆగి, వారిని దాటి వెళ్ళాలి. కొండవీటి రెడ్ల ఆస్థానంలో వెలిగిన శ్రీనాథుడే పల్నాటికి వచ్చి జొన్నకూడుకు విసిగిపోయాడని ఆయన పేర వినిపించే చాటువులు చెబుతాయి. ఆయనను ముందుగా ఏమి తింటారని అడిగినవారు లేరేమో! ఎడ్లపాడు 2022 నుంచి పల్నాడు జిల్లాలో చేరింది గనుక ఆ పాత బాకీ తీర్చే వంతు ఇప్పుడు ఈ నాయనమ్మకూ వచ్చింది.

కనుమ తెల్లవారగానే ఆ ఇద్దరినీ పశువుల కొట్టంలోకి తీసుకువెళ్ళండి. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, నుదుట పసుపు కుంకుమలు. పశువు కోసమే పాలు మానినవారికి ఆ పూజలో చేయి కలపడం ఇంటివారికంటే ఎక్కువ సంతోషమివ్వవచ్చు. ఇక తిరుగు ప్రయాణపు మూటలో అరిసెలు, జంతికలు, నువ్వులుండలు నిశ్చింతగా కట్టవచ్చు. సున్నుండలు మాత్రం నేతితో చుట్టినవి గనుక, వేరే డబ్బాలో పెట్టి మూత మీద మనవడి పేరు రాయడం మరువకండి.