చక్కెర వ్యాధికి కొలెస్ట్రాల్ మాత్ర ఎందుకు?

చక్కెర వ్యాధికి మందు రాయించుకోవడానికి వెళ్ళిన మనిషికి వైద్యుడిచ్చిన చీటీలో ఒక మాత్ర అదనంగా కనబడుతుంది. అటోర్వాస్టాటిన్ అనో, రోసువాస్టాటిన్ అనో దాని పేరు. అది చక్కెరకు కాదనీ, కొలెస్ట్రాల్‌కు అనీ మందుల దుకాణంలో చెబుతారు. ఇంటికి వచ్చిన తరువాత సంశయాలు మొదలవుతవి. ఉన్న గోలీలు చాలవా? రక్తపరీక్షలో కొవ్వు సరిగానే ఉన్నదన్నారు గదా? దీనివల్ల చక్కెర ఇంకా పెరుగుతుందని ఒకరంటారు. కండరాలు పట్టుకొనిపోతవని మరొకరంటారు. నాలుగు రోజులు వేసుకొని ఊరుకొనేవారు కొందరు, అసలే కొననివారు కొందరు. ఆ సంగతి వైద్యునికి చెప్పేవారు మాత్రం అరుదు.

నిజాం ఏలుబడిలో సంస్థానంగా ఉండి, నేడు వనపర్తి జిల్లాలో మండల కేంద్రమైన గోపాల్‌పేట వంటి ఊళ్ళలో ఈ సంశయానికి మరొక కారణం కూడా తోడవుతుంది. ఇది వేరుశనగ పండే మెట్ట సీమ. 2016 వరకు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. పాలమూరు కూలీల రెక్కల కష్టం దేశమంతటికీ తెలిసినదే. ఒళ్ళు వంచి పనిచేసేవారికి గుండెపోటేమిటి, అది పట్నంలో కూర్చొని తినేవారి జబ్బు గదా అన్న భావం ఇటువంటి చోట సహజం. ఆ భావం ఇప్పుడు నిలవదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04లో ఒక ఏడాదిపాటు సంభవించిన 1354 మరణాలకు కారణాలు విచారించగా, వానిలో 32 శాతం గుండెకు, రక్తనాళాలకు సంబంధించిన జబ్బులవని తేలినది. అవి పట్నాలు కావు, పల్లెలు. డెల్టా వేరు, మెట్ట వేరు అని ఎవరైనా అనవచ్చు. కాని మధుమేహం ఆ తేడాను పాటించడంలేదు. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు దేశంలో మధుమేహులు సుమారు 10 కోట్ల 10 లక్షలని అంచనా వేశారు.

మధుమేహాన్ని చక్కెరకు మాత్రమే సంబంధించిన జబ్బుగా భావించడం వద్దనే చిక్కు ఉన్నది. అది రక్తనాళాల జబ్బు కూడా. నాళాల లోపలి పొర దెబ్బతిన్న చోట కొలెస్ట్రాల్ మోసే కణాలు చేరి, ఏళ్ళ తరబడి గట్టిపడి, ఒకనాడు పగిలి రక్తం గడ్డకడితే, గుండెలో అయితే గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతం. మధుమేహులలో ఆ కణాలు తరచు చిన్నవిగా, చిక్కగా ఉంటవి. అందువల్ల పరీక్షలో అంకె సాధారణంగా కనిపించినంత మాత్రాన నాళాలు క్షేమమని చెప్పడానికి వీలులేదు.

మాంసం, గుడ్లు ముట్టనివారికి కొలెస్ట్రాల్ ఎక్కడిదన్న ప్రశ్న బడిపంతుళ్ళకు కూడా వస్తుంది. శరీరంలోని కొలెస్ట్రాల్‌లో అధికభాగం శరీరమే తయారుచేసుకొంటుంది. ఆ పనిలో కాలేయానికి పెద్ద పాత్ర ఉన్నది. (వేరుశనగ నూనె డబ్బాపై కొలెస్ట్రాల్ లేదని గొప్పగా అచ్చువేస్తారు. మొక్కల నుండి తీసిన ఏ నూనెలోనైనా అది లేనట్లే.) స్టాటిన్ మాత్ర ఈ తయారీకి అవసరమైన ఒక ఎంజైమును అడ్డుకొంటుంది. అప్పుడు కాలేయం తన అవసరానికి రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా లాగుకొంటుంది. అలా లాగుకొనే గ్రాహకాలను కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే అమెరికను శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ బహుమానం లభించినది.

మందు పుట్టుక మరింత చిత్రమైనది. జపాను ఉత్తరభాగంలో రైతు కుటుంబంలో జన్మించిన అకిరా ఎండో, టోక్యోలోని సాంక్యో కంపెనీలో 1971లో ఈ వెదుకులాట ప్రారంభించాడు. కొన్ని బూజులు తమ శత్రువులైన సూక్ష్మజీవులను అణచడానికి ఇటువంటి పదార్థాన్ని తయారుచేస్తూ ఉండవచ్చునని అతని ఊహ. రెండేళ్ళలో ఆరువేలకు పైగా రకాలను పరీక్షించగా, 1973లో క్యోటో నగరంలోని ఒక ధాన్యపు కొట్టు బియ్యం మీద పెరిగిన నీలిరంగు బూజులో అది దొరికినది. ఎలుకలకు పెడితే ఫలితం లేదు, పథకం మూలబడవలసినదే. గుడ్లు పెట్టే కోళ్ళకు పెట్టి చూడగా కొలెస్ట్రాల్ బాగా తగ్గినది. ఎండో కనుగొన్న పదార్థం బజారుకు రాలేదు. దాని సోదరి లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించినది. ఎండో 2024లో, తొంభై ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు.

కొలెస్ట్రాల్ తగ్గినంత మాత్రాన మనిషికి మేలు జరిగినట్లేనా? 2004లో లాన్సెట్ పత్రికలో ప్రకటితమైన కార్డ్స్ పరిశోధన ఈ ప్రశ్నకే సమాధానం వెదికినది. బ్రిటన్, ఐర్లండులలో 40 నుండి 75 ఏళ్ళ మధ్య వయస్సు గల 2838 మంది మధుమేహులను రెండు వర్గాలుగా విభజించారు. వారిలో ఎవరికీ అంతకుముందు గుండెజబ్బు లేదు. కాని ప్రతివారికి రక్తపోటో, పొగతాగే అలవాటో, కంటిలోనో మూత్రపిండంలోనో మధుమేహపు మచ్చో, ఏదో ఒకటి ఉన్నది. చెడ్డ కొలెస్ట్రాల్ సగటున డెసిలీటరుకు 117 మిల్లీగ్రాములే, అంటే పెద్ద అంకె కాదు. ఒక వర్గానికి పది మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్, రెండవ వర్గానికి మందు లేని ఉత్తమాత్ర ఇచ్చారు. ఫలితం స్పష్టంగా కనబడడంతో అనుకొన్న గడువుకు రెండేళ్ళ ముందే ముగించారు.

ఇక్కడ శాతాలు నేర్చిన విద్యార్థి పెద్దలకు సహాయపడగలడు. సుమారు నాలుగేళ్ళలో గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఆపద ఉత్తమాత్ర వర్గంలో 1410 మందిలో 127 మందికి వచ్చినది. మందు వర్గంలో 1428 మందిలో 83 మందికి. అనగా నూటికి 9.0 నుండి 5.8కి దిగినది. ప్రకటనలు రాసేవారు దీనిని ఆపద 37 శాతం తగ్గినదని చెబుతారు. అది అబద్ధం కాదు. నూరుమందిలో ముగ్గురికి మేలు జరిగినదని సందేహించేవారు చెబుతారు. అదీ అబద్ధం కాదు. తొంభై ఒక్కమందికి మాత్ర లేకపోయినా ఆ నాలుగేళ్ళలో ఏమీ కాకపోయేది. సుమారు ఆరుగురికి మాత్ర వేసుకొన్నా ఆపద తప్పలేదు. ఆ ముగ్గురు ఎవరో ముందుగా చెప్పగలవారు లేరు. మరణాలు 82కు బదులు 61 అయినవి గాని, ఆ తేడా యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పడానికి లెక్క చాలలేదు. మధుమేహం నాలుగేళ్ళతో పోయేది కాదు గనుక, ముగ్గురు అన్న లెక్కను కూడా నాలుగేళ్ళ లెక్కగానే చదవాలి. రక్తపోటు, పొగాకు తోడైనవారికి ఆపద ఎక్కువ, అందువల్ల మేలూ ఎక్కువ.

ఇక భయాలు. స్టాటిన్ చక్కెరను పెంచుతుందన్న మాట పుకారు కాదు. 13 పరిశోధనలలోని 91,140 మంది లెక్కలు కలిపి 2010లో చూసినప్పుడు, 255 మంది నాలుగేళ్ళు వేసుకొంటే ఒకరికి అదనంగా మధుమేహం వస్తున్నదని తేలినది. ఇప్పటికే మధుమేహం ఉన్నవారి సంగతి వేరు. వారిలో మూడు నెలల సగటు చక్కెర అంకె పెరిగేది సాధారణంగా ఒక శాతంలో పదవవంతు లోపే. ఆ కొద్ది పెరుగుదలకు భయపడి గుండెకు రక్షణ వదులుకోవడం లెక్కకు నిలిచే బేరం కాదు.

కండరాల నొప్పి విషయం ఇంకా ఆసక్తికరమైనది. లండన్‌లో నొప్పుల కారణంగా స్టాటిన్ మానివేసిన 60 మందికి నాలుగు నెలలు స్టాటిన్, నాలుగు నెలలు ఉత్తమాత్ర ఇచ్చి, మరి నాలుగు నెలలు ఏ మాత్రా ఇవ్వక, నెలలను కలగలిపి, బాధను నూటికి మార్కులతో రాయించారు. 2020లో ఫలితం వెలువడినది. మాత్ర లేనప్పుడు 8, ఉత్తమాత్రకు 15.4, స్టాటిన్‌కు 16.3. బాధ నిజమైనదే, కాని అందులో అధికభాగం మాత్ర వేసుకొంటున్నామన్న శంక వల్ల కలిగినది. ఈ సంగతి తెలిసిన తరువాత వారిలో సగం మంది తిరిగి మందు మొదలుపెట్టారు. ఇది చదివి నిజమైన నొప్పిని కొట్టిపారవేయరాదు. అరుదుగా కండరాలు నిజంగానే దెబ్బతింటవి. తీవ్రమైన నొప్పి, నీరసం, నల్లబడిన మూత్రం కనిపిస్తే వెంటనే దవాఖానాకు వెళ్ళాలి. థైరాయిడ్ లోపం గుర్తించక వదిలేసినా ఇటువంటి నొప్పులు వస్తవి.

నలభై దాటి డెబ్బయిఅయిదు లోపు ఉన్న మధుమేహులందరికీ మధ్యస్థమైన మోతాదులో స్టాటిన్ ఇవ్వవలెనని అమెరికా మధుమేహ సంఘం సూచిస్తున్నది. ఒకసారి గుండెపోటు వచ్చినవారి విషయంలో తర్జనభర్జనలకు చోటే లేదు. నలభై లోపువారికి, డెబ్బయిఅయిదు దాటిన తరువాత కొత్తగా మొదలుపెట్టవలసినవారికి మాత్రం వైద్యుడు, రోగి కూర్చొని మాట్లాడుకోవాలి. గర్భవతులు, బిడ్డను కనదలచినవారు వైద్యునికి ముందే చెప్పాలి. కాలేయపు జబ్బు ముదిరినవారి సంగతి వేరు. ఇతర మందులు, ముఖ్యంగా కొన్ని ఆంటీబయాటిక్‌లు, వాడుతున్నవారు ఆ చీటీలు కూడా చూపాలి. మాత్ర వేసుకొన్నవారికి నడక, తిండిలో మితం, పొగాకు మానడం తప్పినట్లు కాదు.

ఖర్చు అడ్డంకి కానవసరం లేదు. అటోర్వాస్టాటిన్ దేశపు అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నది. జన ఔషధి దుకాణాలలో చౌకగా దొరుకుతుంది. గోపాల్‌పేటకు జిల్లా కేంద్రమైన వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ప్రారంభమైనది. మాత్ర మొదలుపెట్టిన నాలుగు నుండి పన్నెండు వారాలలో రక్తపరీక్ష మళ్ళీ చేయించుకోవాలి. మధ్యస్థమైన మోతాదుకు చెడ్డ కొలెస్ట్రాల్ మూడవవంతు వరకు, ఒక్కొక్కప్పుడు దాదాపు సగం వరకు తగ్గవలసి ఉన్నది. తగ్గకపోతే వైద్యుడు మోతాదు పెంచుతాడు. మాత్ర మానివేసినవారు ఆ సంగతి పరీక్ష ఫలితం చూపేముందే చెప్పడం మంచిది. అప్పుడు తక్కువ మోతాదో, మరొక రకమో ఆలోచించడానికి ఆయనకు వీలు కలుగుతుంది.