ఐర్లండువారి మసాలా సంచి

ఒక దేశపు వంటకమనగా ఆ దేశపు మంటిలో పుట్టిన వస్తువులతో ఆ దేశస్థులే తరతరములుగా వండుకొనునదని మనము తలంతుము. ఈ తలంపెంతవరకు నిజమో పరీక్షించుటకు ఐర్లండు దేశమందలి 'స్పైస్ బ్యాగ్' అను వంటకమును గైకొందము. మసాలా సంచి యని దీని యర్థము.

చేయు విధానము కష్టమైనది కాదు. బంగాళాదుంపలను పొడవుగా తరిగి నూనెలో వేయింతురు. కోడిమాంసమును పిండిలో పొరలించి కరకరలాడునట్లు వేయింతురు. ఉల్లిపాయలను, బుంగమిరపకాయలను పెద్దమంటపై త్రిప్పి, ఉప్పు, కారము, చీనావారి పంచమసాలా చల్లి, అన్నిటిని కాగితపు సంచిలో పోసి కుదిపి యిత్తురు. ఆ మసాలాలోని దాల్చినచెక్క, లవంగము, అనాసపువ్వు, సోపు మన యిండ్లయందును ఉన్నవే. కొన్నవారు సంచిని ఇంటికి గొనిపోయి భుజింతురు.

2010 ప్రాంతమున డబ్లిను నగరములోని టెంపుల్‌ఓగ్ పేటయందు 'సన్‌ఫ్లవర్' అను చీనా అంగడిలో ఇది పుట్టెనని ప్రసిద్ధి. ఉప్పుకారములతో వేయించు పద్ధతి చీనావారిదే యైనను, ఈ సంచి చీనాదేశపు వంటకము కాదు. ఐర్లండున పుట్టి, అచ్చటివారి కత్యంత ప్రియమైనది. 2025లో ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువు సైతము దీని పేరును చేర్చుకొనెను.

ఇక దుంప మాట. అదియు ఐర్లండున పుట్టినది కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతప్రాంతము దాని జన్మభూమి. ఐర్లండు పేదలు దానినే నమ్మి బ్రతికిరి. 1845లో తెగులు సోకి పంట కుళ్లిపోయెను. 1852 వరకు సాగిన క్షామమున దాదాపు పది లక్షలమంది మరణించిరి. మఱి పది లక్షలమంది ఓడలెక్కి పరదేశముల పాలైరి. పొట్ట చేతబట్టుకొని జనము వెడలిపోయిన ఆ దేశమునకే తరువాతి కాలమున చీనావారు పొట్ట చేతబట్టుకొని వచ్చిరి. వచ్చినవారు అచ్చటివారి రుచి నెఱిగి, వారికి ప్రాణమైన దుంపకే తమ మసాలా జోడించిరి.

మన మిరపకాయ చరిత్రయు నిట్టిదే. పోర్చుగీసువారి మూలమున అమెరికానుండి వచ్చినది. అంతకు పూర్వము మన వంటలకు మిరియములే కారము. నేడు గోంగూర పచ్చడిలోని మిరపకాయను పరదేశి యనువా రెవరు?

కావున బ్రతుకుతెరువు వెదకుకొనుచు మన యూరికి క్రొత్తవాడు వచ్చినప్పుడు, వాడేమి గొనిపోవునో యని మాత్రమే కాక, ఏమి తెచ్చెనో యనియు విచారించుట పెద్దలకు ధర్మము.